పొలం పనికీ నూలు పనికీ తెగిన బంధం: ఇంగ్లండు పల్లెల్లో తొలి యంత్రాలు తెచ్చిన మార్పు

సాంఘికం_టీచర్

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. పారిశ్రామిక విప్లవం పాఠంలో వ్యవసాయం ఒక భాగంగా, వస్త్ర పరిశ్రమ మరొక భాగంగా వస్తాయి. మొదటి భాగంలో జెత్రో టల్ విత్తన యంత్రం, నార్ఫోక్ పంట మార్పిడి, ఊరి ఉమ్మడి భూములను విడదీసి సొంత పొలాలుగా కంచెలు వేసుకోవడానికి పార్లమెంటు చేసిన చట్టాలు ఉంటాయి. రెండో భాగంలో హార్‌గ్రీవ్స్, ఆర్క్‌రైట్, క్రాంప్టన్, కార్ట్‌రైట్ల యంత్రాలు వరుసగా వస్తాయి. ఈ రెండు భాగాలనూ కలిపేది ఒకే ఒక్క వాక్యం: కంచెల వల్ల భూమి పోగొట్టుకున్న రైతులు పట్టణాలకు చేరి మిల్లు కూలీలయ్యారు.

ఈ ఏడాది తరగతిలో ఒక అమ్మాయి లేచి, తొలి నూలు మిల్లుల్లో పనిచేసినవారిలో స్త్రీలు, పిల్లలే ఎక్కువని అదే పాఠం చెబుతున్నప్పుడు, భూమి పోయిన ఆ మగవాళ్లు ఏమయ్యారని అడిగింది. చాలా సరైన ప్రశ్న. పాఠంలోని ఆ వాక్యం దీనికి జవాబు చెప్పదు. ఇంగ్లండులో సాగు, బట్టల తయారీ నిజంగా ఎలా ముడిపడి ఉండేవో, ఆ ముడి ఎక్కడ విడిపోయిందో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

మాంచెస్టర్_తెలుగు

టీచర్ గారూ, నేను చాలాకాలంగా లాంకషైర్‌లో ఉంటున్నాను. ఇక్కడి పాత నేత ఇళ్లు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటిని చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. నూలు బట్ట నేసిన ఇళ్లలో మగ్గాల గది చాలావరకు నేలమట్టంలోనో, నేలకు కొంత దిగువనో ఉంటుంది. చెమ్మ లేకపోతే నూలు పోగు పెళుసెక్కి తెగుతుంది కాబట్టి అలా కట్టుకున్నారు. కొండలకు అవతల యార్క్‌షైర్‌లో ఉన్ని నేసేవారికి ఆ ఇబ్బంది లేదు, వాళ్లకు వెలుతురు ముఖ్యం. అందుకే అక్కడ మగ్గాలు పై అంతస్తులో, వరుసగా పెట్టిన కిటికీల వెనుక ఉండేవి. ఇలాంటి ఇళ్లలో ఎన్నింటికో పక్కనే కొద్దిపాటి భూమి ఉండేది. ఒకటి రెండు ఆవులు, కొంచెం ఓట్ల పంట, గడ్డి కోసుకునే చిన్న పొలం, ఇంట్లో ఒక మగ్గం, రెండు మూడు రాట్నాలు కలిస్తేనే ఆ కుటుంబానికి బతుకు తెరువు. కోతల కాలంలో మగ్గం ఆగేది, చలికాలంలో పొలం ఆగేది.

వ్యాపారి దూదిని, నారనూలును ఇచ్చి వెళ్లి, నేసిన బట్టను తీసుకుపోయేవాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో వడికిన నూలు పడుగుకు, అంటే మగ్గం మీద పొడవునా బిగించే పోగులకు, ఆగేంత గట్టిగా ఉండేది కాదు. అందువల్ల పడుగుకు నారనూలు, అడ్డంగా నేసే పేకకు పత్తినూలు వేసి నేసేవారు. పడుగు, పేక రెండూ పత్తినూలుతోనే ఉన్న మేలిరకం బట్ట కావాలంటే మన దేశం నుంచే వెళ్లాలి. ఆ బట్ట ఇంగ్లండు ఉన్ని, పట్టు నేతగాళ్ల పొట్ట కొడుతోందని 1721లో అద్దకపు నూలు బట్టలు ధరించడాన్నే చాలావరకు నిషేధిస్తూ చట్టం చేశారు. లాంకషైర్ నూలు పరిశ్రమ ఆ రక్షణ నీడలోనే పెరిగింది.

పడుగుపేక

మాది నేత కుటుంబం. మాంచెస్టర్ గారు చెప్పిన చెమ్మ సంగతి మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గుంటమగ్గం గోతిలో ఉండేది కూడా అందుకే. కాళ్లు పెట్టుకోవడానికి వీలుగా ఉండటం ఒక కారణమైతే, నేలలోని చెమ్మ పడుగును కాపాడటం రెండోది.

టీచర్ గారి ప్రశ్నకు అసలు ముడి వడుకు దగ్గర ఉందని నా అభిప్రాయం. ఒక నేతగాడికి తీరిక లేకుండా పని ఉండాలంటే కనీసం నలుగురైదుగురు నూలు వడకాలి. ఇంట్లో భార్య, కూతుళ్లు వడికినది చాలక, అతను చుట్టుపక్కల ఊళ్లలోని వ్యవసాయ కూలీల ఇళ్ల నుంచి నూలు తెచ్చుకోవలసి వచ్చేది. 1733లో జాన్ కే ఫ్లై షటిల్ కనిపెట్టాడు. నాడెను చేత్తో అటూ ఇటూ విసరనక్కర లేకుండా తాడు లాగితే పరుగెత్తే ఏర్పాటు అది. ఆ సాధనం వాడుకలోకి వచ్చేకొద్దీ నేత వేగం పెరిగింది, నూలుకు కరవు ఇంకా ముదిరింది. అంటే వడుకు యంత్రం కోసం వెతుకులాట మొదలైంది కూలీలు ఎక్కువై కాదు, వడికే చేతులు చాలకనే.

బ్లాక్‌బర్న్ దగ్గర స్టాన్‌హిల్‌లో ఉండే జేమ్స్ హార్‌గ్రీవ్స్ 1764 ప్రాంతంలో చేసిన జెన్నీ అనే వడుకు యంత్రానికి మొదట ఎనిమిది కదుర్లు (నూలు చుట్టుకునే కడ్డీలు) ఉండేవి. అది ఇంట్లో పట్టే యంత్రమే. ఒక స్త్రీ చక్రం తిప్పుతూ ఎనిమిది పోగులు ఒకేసారి తీయగలిగింది. అయినా 1768లో జనం అతని ఇంటి మీద పడి యంత్రాలను విరగ్గొట్టారు, అతను నాటింగ్‌హామ్‌కు వెళ్లిపోవలసి వచ్చింది. ఒక రాట్నం చేతిలో ఉన్న స్త్రీకి ఎనిమిది కదుర్లు ఎంత భయం కలిగించి ఉంటాయో ఊహించవచ్చు. తర్వాతి జెన్నీలకు కదుర్లు వందకు చేరాయి.

వరిచేలగట్టు

నేను వ్యవసాయం వైపు నుంచి రాస్తాను. కంచెల వల్ల ఊళ్లు ఖాళీ అయి, ఆ జనమంతా మిల్లులకు నడిచారన్న మాట చాలా ప్రాంతాలకు వర్తించదు. 1750 నుంచి 1850 వరకు పార్లమెంటు సుమారు 4,000 కంచెల చట్టాలు చేసింది. ఆ పొలాల చుట్టూ ముళ్లకంచె నాటాలి, కాలువ తవ్వాలి, దారి వేయాలి. కొత్త పంట మార్పిడికీ చేతులు కావాలి. నార్ఫోక్ పద్ధతిలో గోధుమ, టర్నిప్ దుంప, బార్లీ, క్లోవర్ అనే మేత మొక్క ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పాత పద్ధతిలో ప్రతి రెండు మూడేళ్లకొకసారి భూమిని బీడుగా వదిలేవారు. ఇప్పుడు ఆ బీడు ఏడాది టర్నిప్ వచ్చింది, దానికి రెండు సార్లు కలుపు తీయాలి. క్లోవర్ భూమికి నత్రజనిని ఇస్తుంది, టర్నిప్ చలికాలమంతా పశువులకు మేతవుతుంది, పశువుల ఎరువు తిరిగి గోధుమకు చేరుతుంది. ఈ చక్రం పనిని తగ్గించలేదు, కొన్నిచోట్ల పెంచింది. జెత్రో టల్ యంత్రాన్ని పాఠాల్లో మొదట చెబుతారు గానీ, అది ఇంగ్లండు పొలాల్లో విస్తృతంగా వాడుకలోకి రావడానికి శతాబ్దం పైనే పట్టింది. మన రైతులు గొర్రుకు జడ్డిగం (విత్తనాలు పోసే గిన్నె) కట్టి సాళ్లలో విత్తనం వేసే పద్ధతిని చూసి, 1790లలో కెప్టెన్ హాల్‌కాట్ అనే అధికారి ఆశ్చర్యపోయి, దక్షిణ భారతపు విత్తన గొర్రు నమూనాలను ఇంగ్లండు వ్యవసాయ బోర్డుకు పంపాడు. పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

కంచెలు లాక్కున్నది పనిని కాదు, ఉమ్మడి భూమి మీద హక్కులను. గ్రామపు ఉమ్మడి బీడులో ఆవును మేపుకోవడం, పొయ్యిలోకి పుల్లలు ఏరుకోవడం, కోత అయ్యాక చేలో పరిగె (రాలిన కంకులు) ఏరుకోవడం, ఇవన్నీ పేదింటి ఆడవాళ్లు, పిల్లలు చేసే పనులు. పరిగె ఏరుకోవడం చట్టం ప్రకారం ఎవరి హక్కూ కాదని 1788లో ఇంగ్లండు న్యాయస్థానం తీర్పు కూడా ఇచ్చింది. ఆవు పోయింది, పాలు పోయాయి, పుల్లలు కొనుక్కోవలసి వచ్చింది. మగవాడి కూలి మాత్రం అంతే ఉంది.

చరిత్ర_పరిశోధకురాలు

పడుగుపేక గారు, వరిచేలగట్టు గారు చెప్పిన రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూస్తే టీచర్ గారి విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు వస్తుందని నమ్ముతున్నాను. వ్యవసాయ కూలీ కుటుంబానికి మూడు ఆదాయాలు ఉండేవి: మగవాడి పొలం కూలి, ఉమ్మడి భూమి నుంచి వచ్చేది, ఇంట్లో స్త్రీలు వడికిన నూలుకు వచ్చేది. ఇరవై ముప్ఫై ఏళ్ల వ్యవధిలో కంచెలు రెండోదాన్ని, వడుకు యంత్రాలు మూడోదాన్ని తీసివేశాయి.

1769లో రిచర్డ్ ఆర్క్‌రైట్ పేటెంటు తీసుకున్న యంత్రం నీటి చక్రంతో నడిచేది. అది తీసిన నూలు పడుగుకు ఆగేది. ఇంట్లో పట్టని ఆ యంత్రం కోసం 1771లో డెర్బీషైర్‌లోని క్రామ్‌ఫర్డ్‌లో మిల్లు కట్టాడు. అక్కడ 1776లో కట్టిన మూడంతస్తుల కార్మికుల ఇళ్ల వరుస నేటికీ ఉంది. కింది రెండు అంతస్తులు కుటుంబానికి, పైది మగ్గానికి. పెద్ద కుటుంబాలున్న నేతగాళ్లు రావాలని ఆర్క్‌రైట్ ప్రకటించాడు. భార్య, పిల్లలు మిల్లులో నూలు తీయాలి, మగవాడు పై అంతస్తులో ఆ నూలుతో నేయాలి. ఆ చుట్టుపక్కల మరికొందరు మగవాళ్లు సీసపు గనుల్లో పనిచేసేవారు. టీచర్ గారూ, మీ విద్యార్థినికి ఆ ఇంటి బొమ్మ గీసి చూపితే చాలు. తొలి తరంలో మగవాడు మిల్లుకు వెళ్లలేదు, మిల్లు నూలు అతని ఇంటికి వచ్చింది.

అందరికీ ఆ అవకాశం కూడా దక్కలేదు. చెషైర్‌లోని స్టయల్‌లో శామ్యూల్ గ్రెగ్ 1784లో స్థాపించిన మిల్లు ఊళ్లకు దూరంగా నది పక్కన ఉండేది. పనివాళ్లు దొరక్క, అనాథాశ్రయాల నుంచి పిల్లలను తెచ్చి, వారికోసం 1790లో ప్రత్యేకంగా ఇల్లు కట్టించాడు. ఆ పిల్లలకు తిండి, బట్ట, పడక ఇచ్చి ఏళ్ల తరబడి పని చేయించుకున్నారు. బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ల లోపు పిల్లలను పెట్టుకోరాదన్న నియమాన్ని ఇన్‌స్పెక్టర్లతో సహా అమలుచేసిన చట్టం 1833లో గానీ రాలేదు.

సాంఘికం_టీచర్

ఎంతో ఉపయోగపడే సమాధానాలు ఇచ్చారు. ఒక సందేహం మిగిలింది. మిల్లులు వెలసిన లాంకషైర్, డెర్బీషైర్‌లలో ఆడవాళ్లకు రాట్నం పోయినా మిల్లు పని దొరికింది. మిల్లులు రాని దక్షిణ, తూర్పు ఇంగ్లండు పల్లెల్లో ఏమి జరిగింది?

చరిత్ర_పరిశోధకురాలు

అదే ఈ కథలో అతి బాధాకరమైన భాగం, పాఠ్యపుస్తకాలు తరచూ వదిలేసే భాగం కూడా. తూర్పు, దక్షిణ ఇంగ్లండు కూలీల ఇళ్లలో స్త్రీలు నార్విచ్ వంటి కేంద్రాలకు ఉన్ని నూలు వడికి ఇచ్చేవారు. యంత్రపు నూలు ముందు ఆ వడుకు కూలి 18వ శతాబ్దం చివరికి అడుగంటింది. అదే సమయంలో ఫ్రాన్సుతో యుద్ధం, పంటలు దెబ్బతినడం, రొట్టె ధర పెరగడం కలిసివచ్చాయి. 1795 మేలో బెర్క్‌షైర్ న్యాయాధికారులు స్పీనమ్‌లాండ్‌లో సమావేశమై, రొట్టె ధరను, కుటుంబంలోని మనుషుల సంఖ్యను బట్టి కూలీలకు గ్రామ నిధి నుంచి భృతి ఇవ్వాలని తీర్మానించారు. ఒంటి చేతి సంపాదనతో కూలీ కుటుంబం బతకలేకపోతోందని అధికారులే ఒప్పుకున్నట్టు అయింది.

ఆ మగవాడికి చలికాలంలో మిగిలిన పని ఒక్కటే: కళ్లంలో కర్రలతో ధాన్యం నూర్చడం. స్కాట్లండులో ఆండ్రూ మీకిల్ 1786లో చేసిన నూర్పిడి యంత్రం నెమ్మదిగా దక్షిణానికి చేరి ఆ పనినీ తీసుకుంది. 1830 ఆగస్టులో కెంట్‌లో మొదటి యంత్రాన్ని కూలీలు పగలగొట్టారు, కొద్ది నెలల్లోనే ఆ అలజడి దక్షిణ, తూర్పు కౌంటీలంతటా పాకింది. 'కెప్టెన్ స్వింగ్' అనే సంతకంతో భూస్వాములకు ఉత్తరాలు వచ్చేవి. 19 మందిని ఉరి తీశారు, సుమారు 500 మందిని ఆస్ట్రేలియా ప్రాంతపు శిక్షా వలసలకు పంపారు. మీ విద్యార్థిని అడిగిన మగవాళ్లలో చాలామంది ఊళ్లోనే ఉన్నారు. మిల్లుకు వెళ్లలేదు, పొలంలో కడుపు నిండలేదు.

ధరల_లెక్క

పెద్దలందరూ నష్టం వైపే రాస్తున్నారు కాబట్టి రెండో వైపు కూడా నమోదు చేయడం న్యాయమని రాస్తున్నాను. వంద పౌన్ల పత్తిని మన దేశంలో చేత్తో వడకడానికి 50,000 గంటలకు పైగా పట్టేదని, 1779లో వచ్చిన క్రాంప్టన్ మ్యూల్ అనే వడుకు యంత్రం మీద అది 2,000 గంటలకు, శతాబ్దం ముగిసేలోగా 300 గంటలకు, 1825 ప్రాంతంలో రాబర్ట్స్ స్వయంచాలక మ్యూల్ మీద 135 గంటలకు తగ్గిందని ఆర్థిక చరిత్రకారులు లెక్కగట్టారు. వందో నంబరు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) సన్ననూలు పౌను ధర 1786లో 38 షిల్లింగులు, 1807లో 6 షిల్లింగుల 9 పెన్నీలు. అంతకుముందు ఉన్ని గుడ్డ ఒకటే కట్టుకుని, దాన్ని ఉతకలేక రోగాల పాలైన పేదవారికి ఉతుక్కోగల నూలు బట్ట అందుబాటులోకి రావడం చిన్న విషయం కాదు. నేతగాళ్లు కూడా మొదట్లో బాగుపడ్డారు కదా?

పడుగుపేక

బాగుపడ్డ మాట నిజమే, ధరల లెక్క గారూ. నూలు సమృద్ధిగా దొరికిన 1780ల నుంచి 1800ల మొదటి సంవత్సరాల వరకు లాంకషైర్ నేతగాడికి వారానికి ఇరవై షిల్లింగులకు పైగా వచ్చేది. ఆ ఆశతోనే చిన్న రైతులు పొలం వదిలి మగ్గమెక్కారు, కొందరు పశువుల కొట్టాన్నే మగ్గాల గదిగా మార్చారు. సాగుకూ నేతకూ మధ్య ఉన్న సమతూకం అక్కడ ఒరిగిపోయింది. అంతకుముందు మగ్గం దెబ్బతింటే పొలం ఆదుకునేది. ఇప్పుడు మగ్గం తప్ప మరేమీ లేని కుటుంబాలు లక్షల్లో తయారయ్యాయి.

ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గానికి 1785లోనే పేటెంటు తీసుకున్నా, అది సరిగా పనిచేసే స్థితికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. బ్రిటన్‌లో మరమగ్గాలు 1813లో 2,400 ఉంటే 1833కు లక్షకు చేరాయి. చేనేతగాళ్లు 1820లలో సుమారు 2,40,000 మంది. మరమగ్గం రాకముందే కూలి పడిపోవడం మొదలైందన్నది గమనించాలి. మగ్గమెక్కడం సులభం, చేతులు ఎక్కువ, బేరమాడే శక్తి తక్కువ. కనీస కూలి నిర్ణయించాలని వారు చేసుకున్న విన్నపాన్ని 1808లో పార్లమెంటు తిరస్కరించింది. 1826లో తూర్పు లాంకషైర్‌లో ఆకలితో ఉన్న జనం కొద్ది రోజుల్లోనే వెయ్యికి పైగా మరమగ్గాలను పగలగొట్టారు. 1830లకు వారపు కూలి ఆరేడు షిల్లింగులకు దిగింది. బట్ట ధర తగ్గడం ఎంత నిజమో, అది ఎవరి కూలిలోంచి తగ్గిందో అడగడమూ అంతే అవసరమని నేను గట్టిగా భావిస్తున్నాను.

వరిచేలగట్టు

ధరల లెక్క గారి పట్టికలో మరొక వరుస చేర్చాలి: ఆ పత్తి పండించిన పొలం. లాంకషైర్‌లో పత్తి మొక్క బతకదు. తొలి పారిశ్రామికీకరణ అన్నిటికన్నా తీవ్రంగా మార్చిన వ్యవసాయం ఇంగ్లండుది కాదు, అమెరికా దక్షిణ రాష్ట్రాలది. అక్కడి మెట్ట నేలల్లో పండే పొట్టి పింజ (దూది పోగు పొడవు తక్కువ) పత్తికి గింజ దూదిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, చేత్తో తీస్తే రోజంతా కష్టపడినా పౌను దూది వచ్చేది. 1793లో ఎలి విట్నీ చేసిన జిన్ను, అంటే గింజ తీసే యంత్రం, ఆ అడ్డు తొలగించింది. గింజ తీసే పని తేలికైంది గానీ, కలుపు తీసేది, కాయ ఏరేది మనుషులే. ఆ మనుషులు బానిసలు. 1790లో అమెరికాలో సుమారు 7 లక్షల మంది బానిసలు ఉండగా 1860కి దాదాపు 40 లక్షలయ్యారు. వర్జీనియా వంటి పాత రాష్ట్రాల నుంచి తల్లీబిడ్డలను విడదీసి మిసిసిపీ, అలబామా పత్తి తోటలకు అమ్మారు. కదుర్ల వేగం పెరిగినకొద్దీ ఆ పొలాల్లో కొరడా వేగమూ పెరిగింది.

కృష్ణాతీరం

మన తీరానికి దీనితో ఉన్న సంబంధం గురించి కొంత రాస్తాను. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1611లోనే వర్తక స్థావరం పెట్టింది. తర్వాత నరసాపురం దగ్గరి మాధవాయపాలెం, గోదావరి డెల్టాలోని ఇంజరం బట్టల కొనుగోలు కేంద్రాలయ్యాయి. మాధవాయపాలెం పేరుమీదుగా ఒక రకం మెత్తని నూలు బట్టను ఇంగ్లీషువారు నేటికీ 'మడపోలం' అంటారు. ఇసుక నేలల్లో దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపు రంగు యూరపులో పేరుపొందింది.

క్రాంప్టన్ మ్యూల్ సన్ననూలు తీసినప్పటి నుంచి ఈ తీరపు బట్టకు అక్కడ చోటు తగ్గింది. భారతదేశం మొత్తం మీద చూస్తే, బ్రిటన్‌కు వెళ్లిన నూలు బట్టలు 1814లో సుమారు 12.66 లక్షల తానులు, 1835లో సుమారు 3 లక్షలు. అదే కాలంలో అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిన నూలు బట్ట 8 లక్షల గజాల నుంచి 5 కోట్ల గజాలు దాటింది. 1833 చట్టంతో కంపెనీ వర్తకమే ఆగిపోయింది. ఆ 1832-33లోనే గుంటూరు ప్రాంతాన్ని నందన నామ సంవత్సరపు కరవు తుడిచిపెట్టింది. వానలు లేకపోవడమే దానికి మూలం. అయితే రాట్నం, మగ్గం మీద ఆదాయం సన్నగిల్లిన ఇళ్లకు గింజలు కొనే శక్తి ఎంత మిగిలి ఉంటుందో ఆలోచించాలి.

తర్వాత 1861లో అమెరికా అంతర్యుద్ధం వచ్చి లాంకషైర్‌కు పత్తి ఆగిపోయింది. ధర మూడు రెట్లకు పైగా పెరిగింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలకెక్కింది, ఆ రేవు ఎదుగుదలకు అదొక పెద్ద మలుపు. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది. ఒకప్పుడు బట్ట పంపిన నేల నుంచి పత్తి మాత్రమే పోవడం అలా స్థిరపడింది.

మాంచెస్టర్_తెలుగు

ఆ నాలుగేళ్లూ లాంకషైర్ మిల్లు పట్టణాల్లో లక్షల మంది పని లేక దానధర్మాల మీద బతికారు. వారికి పొలం లేదు, ఆవు లేదు, రాట్నం లేదు. వారి ముత్తాతల ఇళ్లలో ఇవన్నీ ఉండేవి. మన పత్తి ఇక్కడికి వచ్చినప్పుడు పింజ పొట్టిగా, మట్టితో ఉండేదని, పోగు మాటిమాటికీ తెగి కూలి తగ్గేదని పనివారు గొణిగేవారు.

సాంఘికం_టీచర్

మన నేతగాళ్ల విషయం ఒక్కటి తేల్చండి. ఇంగ్లండులో చేనేత దాదాపు అంతరించింది, ఇక్కడ అంతరించలేదు. కారణం ఏమిటి?

పడుగుపేక

ఇక్కడ కూడా మొదట పోయింది రాట్నమే, టీచర్ గారూ. నేత పని కొన్ని కులాలదైనా, వడుకు మాత్రం అనేక కులాల ఆడవాళ్లది. వారిలో వ్యవసాయ కూలీల ఇళ్లవారు, వితంతువులు ఎక్కువ. మర నూలు చవకగా దిగేసరికి నేతగాడు దాన్నే కొనుక్కున్నాడు. అతని మగ్గం నిలబడింది కూడా కొంతవరకు ఆ చవక నూలు వల్లనే. పెద్ద అంచుల చీరలు, పంచెలు, ప్రాంతానికొక తీరుగా ఉండే బట్టలు మరమగ్గానికి వెంటనే లొంగలేదు. వడికే స్త్రీకి అలాంటి ఆసరా ఏదీ దొరకలేదు. ఆమె పొలం కూలికే పరిమితమైపోయింది, ఆ మార్పును ఏ దస్త్రమూ సరిగా లెక్కపెట్టలేదు.

చేతి వడుకు అంటే ఏమిటో పిల్లలకు చూపాలంటే శ్రీకాకుళం జిల్లా పొందూరుకు తీసుకువెళ్లండి. అక్కడ వాలుగ చేప దవడ ఎముకను చేతిలో పట్టుకుని, దాని సన్నని పళ్లతో గింజ మీది దూదిని దువ్వుతారు. తర్వాత గింజ తీసి, వింటితో ఏకి, ఏకులు చుట్టి, ఆ ఏకు చేతి చెమటకు తడవకుండా ఎండిన అరటి డొప్పలో పట్టుకుని వడుకుతారు. వందో నంబరు నూలు అక్కడ ఇప్పటికీ చేత్తో తీస్తారు. ధరల లెక్క గారు చెప్పిన 38 షిల్లింగుల నూలు అలాంటిదే. పిల్లలను ఒక్కొక్కరినీ కాసేపు ఆ రాట్నం ముందు కూర్చోబెట్టండి. వెళ్లే ముందు మాత్రం వడికేవారిని అడిగి, వారికి పని లేని వేళ చూసుకుని వెళ్లండి, ఎందుకంటే వారి కూలి తీసిన నూలును బట్టే ఉంటుంది.